ది రైల్వే మ్యాన్ (2013 సినిమా)

ది రైల్వే మ్యాన్ 2013లో బ్రిటన్, ఆస్ట్రేలియా దేశాల సంయుక్త నిర్మాణంలో వెలువడిన ఆంగ్ల చలనచిత్రం. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో జపాను సైన్యానికి బందీగా చిక్కి, థాయిలాండ్-బర్మా రైలుమార్గం నిర్మాణ శిబిరంలో చిత్రహింసలు అనుభవించిన ఎరిక్ లోమాక్స్ అనే బ్రిటిష్ సైనికాధికారి జీవితగాథ దీనికి ఆధారం. లోమాక్స్ 1995లో ఇదే పేరుతో తన ఆత్మకథను ప్రచురించాడు. దర్శకుడు జోనథన్ టెప్లిట్జ్కీ. లోమాక్స్ పాత్రను నడివయసులో కాలిన్ ఫర్త్, యౌవనంలో జెరెమీ ఇర్విన్ పోషించారు.

ఇది యుద్ధచిత్రమే అయినా ఇందులో యుద్ధరంగం దాదాపుగా కనిపించదు. యుద్ధం ముగిసిన నాలుగు దశాబ్దాల తరువాత కూడా ఒక మనిషిలో అది ముగియకుండా ఎలా మిగిలిపోయింది, ఎలా ముగిసింది అన్నదే దీని కథావస్తువు.

చారిత్రక నేపథ్యం

1942 ఫిబ్రవరి 15న సింగపూరు జపాను వశమైంది. ఆ లొంగుబాటులో సుమారు 80,000 మంది బ్రిటిష్, భారతీయ, ఆస్ట్రేలియన్ సైనికులు బందీలయ్యారు. అదే సంవత్సరం జపాను సైన్యం బర్మాను కూడా ఆక్రమించింది. బర్మాలోని తన సేనలకు ఆహారం, మందుగుండు చేరవేయాలంటే మలక్కా జలసంధి గుండా ఓడలు నడపాలి. మిత్రరాజ్యాల జలాంతర్గాముల వలన ఆ మార్గం ప్రమాదకరమైంది. అందువలన థాయిలాండ్‌లోని బాన్ పాంగ్ నుండి బర్మాలోని తాన్‌బ్యూజాయాట్ వరకు, దట్టమైన అడవులు, కొండల గుండా 415 కిలోమీటర్ల పొడవైన రైలుమార్గం నిర్మించాలని జపాను నిర్ణయించింది. పూర్వం బ్రిటిష్ వారు ఇటువంటి మార్గాన్ని పరిశీలించి, కష్టసాధ్యమని విడిచిపెట్టారు. జపాను సైన్యం దానిని 1943 అక్టోబరు నాటికి, సుమారు 15 నెలలలోనే పూర్తిచేసింది.

యంత్రాలు లేని చోట మనుషులనే యంత్రాలుగా వాడటం వల్ల ఈ వేగం సాధ్యమైంది. సమ్మెటలతో, ఉలులతో రాతికొండలను తొలిచారు. తట్టలతో మట్టి మోశారు. చాలీచాలని తిండి, కలరా, మలేరియా, విరేచనాలు, కాళ్ళపై మానని పుండ్లు, కావలివారి దెబ్బలు నిత్యకృత్యమయ్యాయి. 60,000కు పైబడిన యుద్ధఖైదీలలో 12,000 మందికి పైగా మరణించారు. అందుకే దీనికి మృత్యు రైలుమార్గం అనే పేరు వచ్చింది.

యుద్ధఖైదీల కంటె ఎక్కువగా చనిపోయినవారు ఆసియా కూలీలు. బర్మా, మలయా, జావా ప్రాంతాల నుండి ఆశచూపి కొందరిని, బలవంతంగా కొందరిని తరలించారు. వీరి మరణాలు 90,000 వరకు ఉండవచ్చని అంచనా. మలయా రబ్బరు తోటల నుండి వెళ్ళిన భారతీయ కూలీలలో అత్యధికులు తమిళులు. ఆ తోటలలో తెలుగు కుటుంబాలు కూడా జీవించేవి. సైనికులకు కనీసం పేరు, దళం సంఖ్య, అధికారుల లెక్క ఉండేవి. కూలీలకు అవి కూడా లేవు. కాంచనబురి యుద్ధశ్మశానంలో సుమారు 7,000 మంది సైనికులకు సమాధులు ఉన్నాయి. కూలీలలో అధికభాగం మంది గుర్తులేని గోతులలో కలిసిపోయారు.

ఎరిక్ లోమాక్స్

లోమాక్స్ 1919 మే 30న స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో జన్మించాడు. బాల్యం నుండి అతనికి ఆవిరి యంత్రాలన్నా, రైలుమార్గాలన్నా అమితమైన మక్కువ. పదహారేళ్ళ వయసులో తపాలాశాఖలో ఉద్యోగంలో చేరాడు. యుద్ధం రావడంతో సైన్యంలోని సమాచార విభాగంలో ప్రవేశించి అధికారి అయ్యాడు. సింగపూరు పతనంతో బందీ అయ్యాడు. జీవితమంతా రైళ్ళను ప్రేమించినవాడు చివరకు ఒక రైలుమార్గం కోసమే హింసలపాలు కావడం ఈ కథలోని విషాదం. పుస్తకం పేరులోని భావం కూడా ఇదే.

కాంచనబురి శిబిరంలో లోమాక్స్, అతని సహచరులు కలసి రహస్యంగా ఒక రేడియోను తయారుచేశారు. అది వార్తలు వినడానికి మాత్రమే పనికివచ్చేది, సందేశాలు పంపలేదు. ఆ రైలుమార్గపు శిబిరాలలో ఇటువంటి రహస్య రేడియోలు పలుచోట్ల ఉండేవి. ఢిల్లీ నుండి వెలువడే ప్రసారాలను కూడా ఖైదీలు వీటిలో వినేవారు. యుద్ధం ఎటు పోతున్నదో తెలియడం వారికి అన్నంతో సమానమైన అవసరం. 1943 ఆగస్టు చివరలో కావలివారు రేడియోను కనుగొన్నారు. తరువాత లోమాక్స్ బృందాన్ని ఒకరి తరువాత ఒకరిగా రాత్రంతా కొట్టారు. ఇద్దరు అధికారులు ఆ దెబ్బలకు మరణించారు. లోమాక్స్ రెండు చేతులు విరిగాయి. అతని వద్ద తాను స్వయంగా గీసుకొన్న రైలుమార్గపు పటం కూడా దొరికింది. దానితో అతనిని గూఢచారిగా అనుమానించి కెంపెయితాయ్ అనే జపాను సైనిక పోలీసులకు అప్పగించారు. వారు అతనిని వెదురు బోనులో ఉంచి విచారించారు. ముఖంపై నీరు ధారగా పోసి ఊపిరాడకుండా చేశారు. చివరకు సైనిక న్యాయస్థానం అయిదేళ్ళ శిక్ష విధించగా, యుద్ధం ముగిసేవరకు ప్రధానంగా సింగపూరులోని అవుట్రమ్ రోడ్డు జైలుకు చెందిన ఖైదీగా గడిపాడు.

1945లో ఇంటికి చేరేసరికి తల్లి మరణించి మూడు సంవత్సరాలు దాటింది. తండ్రి మరల వివాహం చేసుకొన్నాడు. లోమాక్స్ కూడా వచ్చిన కొద్ది వారాలలోనే పెళ్ళి చేసుకొన్నాడు. తరువాత కొంతకాలం గోల్డ్ కోస్ట్ (ప్రస్తుత ఘానా)లో ప్రభుత్వోద్యోగం చేశాడు. పిమ్మట స్కాట్లాండ్‌లోని స్ట్రాత్‌క్లైడ్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడుగా పనిచేసి 1982లో పదవీ విరమణ చేశాడు. 1980లో ఒక రైలు ప్రయాణంలో ప్యాటీ అనే మహిళతో పరిచయమైంది. మొదటి వివాహం విడిపోయిన తరువాత 1983లో వారు దంపతులయ్యారు. లోమాక్స్ 2012 అక్టోబరు 8న, చిత్రం విడుదలకు ముందే, 93వ ఏట కన్నుమూశాడు.

కథాసంగ్రహం

రైళ్ళ వేళలు కంఠస్థంగా చెప్పగల ఎరిక్ (కాలిన్ ఫర్త్), రైలుపెట్టెలో ఎదురుగా కూర్చున్న ప్యాటీ (నికోల్ కిడ్‌మన్)ని ప్రేమించి వివాహం చేసుకొంటాడు. పెళ్ళయిన తరువాత ఆమెకు వేరే మనిషి కనిపిస్తాడు. రాత్రులు అరుస్తూ లేస్తాడు. రోజుల తరబడి మాట్లాడడు. ఇల్లు, బాకీలు, ఉత్తరాలు ఏవీ పట్టించుకోడు. కారణం అడిగితే మౌనమే సమాధానం. ప్యాటీ అతని పాత సహచరుడైన ఫిన్లే (స్టెలన్ స్కార్స్‌గార్డ్)ను ఆశ్రయిస్తుంది. అతను శిబిరం కథ చెపుతాడు. అయితే గదిలోకి తీసుకొనిపోయిన తరువాత ఎరిక్‌కు ఏమి జరిగిందో అతనికి కూడా తెలియదు. ఎరిక్ ఎవరికీ చెప్పలేదు.

గతంలోని కథ సమాంతరంగా సాగుతుంది. రేడియో బయటపడినపుడు తోటివారిని కొడుతుంటే చూడలేక యువకుడైన ఎరిక్ నేరం తనపై వేసుకొంటాడు. విచారణ గదిలో ప్రశ్నలను ఆంగ్లంలోకి మార్చి అడిగేవాడు నగాసే అనే యువ దుబాసీ.

కొంతకాలానికి, నగాసే జీవించే ఉన్నాడనీ, అదే ప్రదేశంలో యాత్రికులకు మార్గదర్శిగా పనిచేస్తున్నాడనీ తెలిపే వార్తాపత్రిక ముక్కను ఫిన్లే ఎరిక్‌కు చూపిస్తాడు. ఎరిక్ కదలడు. ఫిన్లే ఆత్మహత్య చేసుకొంటాడు. ఆ దెబ్బతో ఎరిక్ కత్తి తీసుకొని థాయిలాండ్ వెళతాడు. ఒకనాటి విచారణ గదిలో, ఈసారి ప్రశ్నించేవాడుగా తాను కూర్చొని, వృద్ధుడైన నగాసే (హిరోయుకి సనాడా)ను నిలదీస్తాడు. చేయి విరగగొట్టబోయి ఆగిపోతాడు. వెదురు బోనులో బంధించి కూడా చంపలేకపోతాడు. తన కత్తిని నదిలో పారవేసి తిరిగివస్తాడు. నగాసే నుండి ఉత్తరం వస్తుంది. ఈసారి ఎరిక్ భార్యతో కలసి మరల వెళతాడు. కొండను తొలిచిన ఆ రైలుదారిలో నగాసే తలవంచి పశ్చాత్తాపం ప్రకటిస్తాడు, ఎరిక్ క్షమిస్తాడు.

తారాగణం

కాలిన్ ఫర్త్ – ఎరిక్ లోమాక్స్
జెరెమీ ఇర్విన్ – యువ ఎరిక్
నికోల్ కిడ్‌మన్ – ప్యాటీ లోమాక్స్
స్టెలన్ స్కార్స్‌గార్డ్ – ఫిన్లే
సామ్ రీడ్ – యువ ఫిన్లే
హిరోయుకి సనాడా – నగాసే
తాన్రో ఇషిదా – యువ నగాసే

నిర్మాణం

ఫ్రాంక్ కాట్రెల్-బాయ్స్, ఆండీ పేటర్సన్ కలసి చిత్రానువాదం రచించారు. ప్యాటీ పాత్రకు మొదట రేచల్ వైజ్‌ను అనుకొన్నారు. ఆమెకు వీలు కుదరకపోవడంతో నికోల్ కిడ్‌మన్ నటించింది. కాలిన్ ఫర్త్ చిత్రీకరణకు ముందు లోమాక్స్‌ను స్వయంగా కలిశాడు. 2012లో స్కాట్లాండ్, థాయిలాండ్, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ ప్రాంతాలలో చిత్రీకరణ జరిగింది. డేవిడ్ హిర్ష్‌ఫెల్డర్ సంగీతాన్ని, గ్యారీ ఫిలిప్స్ ఛాయాగ్రహణాన్ని సమకూర్చారు. 2013 సెప్టెంబరులో టొరంటో అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో తొలి ప్రదర్శన జరిగింది. 2013 డిసెంబరులో ఆస్ట్రేలియాలోను, 2014 జనవరిలో బ్రిటన్‌లోను విడుదలైంది.

చిత్రానికీ వాస్తవానికీ గల భేదాలు

నిజజీవిత గాథలను తెరకెక్కించేటపుడు మార్పులు సహజం. అయితే ఈ చిత్రంలోని మార్పులు కథ యొక్క అర్థాన్ని కొంత మార్చినందున వాటిని తెలుసుకోవడం అవసరం.

మొదటిది, లోమాక్స్ కత్తితో ఒంటరిగా వెళ్ళి నగాసేను ఎదుర్కొనలేదు. చంపాలనే కోరిక అతనికి చాలాకాలం ఉన్న మాట నిజం. కాని 1989లో ఒక మిత్రుని ద్వారా వార్తాపత్రిక ముక్క అందిన తరువాత, కలుసుకోవడానికి మరో నాలుగేళ్ళు పట్టింది. ఆ నడుమ ఉత్తరప్రత్యుత్తరాలు జరిగాయి. ఇద్దరి సమ్మతితో ఏర్పాటైన ఆ కలయికలో ప్యాటీ కూడా పాల్గొన్నది.

రెండవది, ఫిన్లే పాత్ర, అతని ఆత్మహత్య కల్పితాలు. యుద్ధఖైదీలలో తిరిగి వచ్చి కూడా కోలుకోలేనివారికి అతను ప్రతినిధి.

మూడవది, లోమాక్స్ మొదటి భార్య, పిల్లలు చిత్రంలో లేరు. యుద్ధానంతరం దాదాపు నలభై ఏళ్ళు ఆ కుటుంబం ఇతని మౌనాన్ని భరించింది. హింస అనుభవించినవారి గాయం ఇంటిలోని వారికి కూడా పంచబడుతుందన్న సత్యానికి ఆ వివాహమే పెద్ద ఉదాహరణ. చిత్రంలో అది కనిపించదు.

నాలుగవది, లోమాక్స్ చికిత్స పొందిన సంగతి విడిచిపెట్టబడింది. హెలెన్ బాంబర్ లండన్‌లో స్థాపించిన, చిత్రహింస బాధితులకు చికిత్స చేసే సంస్థ అతనికి సహాయపడింది. అర్ధ శతాబ్దంగా నోటికి రాని విషయాలను అతను అక్కడ వివరంగా చెప్పగలిగాడు. ఆ విధంగా చెప్పగలగడమే తరువాతి మార్పులన్నింటికీ పునాది అయింది.

గాయం, మౌనం

యుద్ధం నుండి తిరిగి వచ్చిన సైనికులలో కలిగే మానసిక వైకల్యాలను మొదటి ప్రపంచ యుద్ధకాలం నుండి వైద్యులు గమనిస్తూనే ఉన్నారు. అయితే గాయానంతర ఒత్తిడి రుగ్మత అనే పేరుతో అమెరికా మనోవైద్య సంఘం వ్యాధుల పట్టికలో ఇది చేరినది 1980లో. లోమాక్స్ తిరిగివచ్చిన 1945లో దీనికి పేరు గాని, క్రమబద్ధమైన చికిత్స గాని లేదు.

ఈ రుగ్మతలో బాధితునికి జరిగినది గతంగా అనిపించదు. సాధారణ జ్ఞాపకంలో మనిషి తాను ఇప్పుడు ఇక్కడ ఉండి అప్పటిది తలచుకొంటాడు. గాయపు జ్ఞాపకంలో మాత్రం ఒక శబ్దమో, వాసనో, ఒక ప్రశ్నో తగలగానే మరల అదే గదిలో ఉన్నట్లు శరీరమే స్పందిస్తుంది. పీడకలలు, ఉలికిపాటు, కోపం, ఆప్తుల నుండి దూరం కావడం దీని లక్షణాలు. చెపితే అనుభవం మరల జరుగుతుందనే భయం వలన బాధితుడు మౌనం వహిస్తాడు. ఆ మౌనం వలన గాయం అలాగే నిలుస్తుంది. చిత్రంలో వర్తమాన దృశ్యాల నడుమ శిబిర దృశ్యాలు హఠాత్తుగా చొరబడటం ఈ స్థితికి తగిన చిత్రణ. నీటి హింస దృశ్యాన్ని దర్శకుడు చివరివరకు దాచి ఉంచాడు. ఎరిక్ ఎవరికీ చెప్పనిది ప్రేక్షకునికి కూడా అప్పటివరకు తెలియదు.

దుబాసీ

నగాసే టకాషి (1918-2011) లోమాక్స్‌ను కొట్టినవాడు కాడు. అతను ఆంగ్లం తెలిసిన దుబాసీ. ప్రశ్నలను, బెదిరింపులను ఆంగ్లంలో వినిపించడం అతని పని. అయినా లోమాక్స్ ద్వేషమంతా అతనిపైనే నిలిచింది. కొట్టినవారి భాష లోమాక్స్‌కు అర్థం కాలేదు, వారి ముఖాలు చెరిగిపోయాయి. తన మాతృభాషలో పదే పదే అదే ప్రశ్న వేసిన గొంతు మాత్రం చెవిలో మిగిలిపోయింది.

నగాసే జీవితం కూడా ఆ గదిలోనే ఆగిపోయింది. యుద్ధం ముగియగానే అతను మిత్రరాజ్యాల సమాధుల అన్వేషక బృందానికి దుబాసీగా రైలుమార్గం వెంట పయనించాడు. వేలాది సమాధులను చూశాడు. తరువాతి దశాబ్దాలలో నూరుసార్లకు పైగా థాయిలాండ్ వెళ్ళాడు. వంతెన సమీపంలో శాంతి కోసం బౌద్ధమందిరం కట్టించాడు. తన అనుభవాలను ఒక చిన్న పుస్తకంగా వ్రాశాడు. అందులో తన కళ్ళ ముందు హింసకు గురైన ఒక ఖైదీ గురించి, అతని బాధ తనను వెంటాడటం గురించి ఉంది. దానిని చదివిన లోమాక్స్ ఆ ఖైదీ తానేనని గుర్తించాడు.

అదే పుస్తకంలో, కాంచనబురి శ్మశానం వద్ద నిలిచినపుడు తనకు క్షమ లభించినట్లు అనిపించిందని నగాసే వ్రాశాడు. ఈ వాక్యం ప్యాటీకి ఆగ్రహం కలిగించింది. బాధపడినవాడు జీవించే ఉన్నాడు, అతనిని ఎవరూ అడగలేదు, అటువంటపుడు క్షమ ఎవరు ఇచ్చారు? 1991లో ఆమె నగాసేకు ఈ ప్రశ్న వేస్తూ ఉత్తరం వ్రాసింది. నగాసే సమర్థించుకోలేదు. ఆ ప్రశ్న తనను ఎంతగా కలచివేసిందో తెలుపుతూ, కలుసుకోవాలని కోరుతూ జవాబు వ్రాశాడు. ఆ జవాబుతో ప్యాటీ ఆగ్రహం చల్లారింది. లోమాక్స్‌లో కూడా మార్పు మొదలైంది.

క్షమ స్వరూపం

క్షమాపణ అనే మాట తెలుగు వాడుకలో తప్పు చేసినవాడు కోరుకొనేదిగానే ఎక్కువగా వినిపిస్తుంది. బాధపడినవాడు ఇచ్చేది క్షమ. ఈ రెండూ వేరు వేరు పనులు, వేరు వేరు మనుషులు చేయవలసినవి. ఒకటి జరిగినంత మాత్రాన రెండవది జరిగినట్లు కాదు. లోమాక్స్ గాథ ఈ భేదాన్ని స్పష్టంగా చూపిస్తుంది.

1993 మార్చిలో కాంచనబురి వంతెన సమీపంలో ఇద్దరు వృద్ధులు ఎదురుపడ్డారు. నగాసే వణికిపోతూ వంగి నమస్కరించి తన విచారాన్ని తెలియజేశాడు. లోమాక్స్ అతనికి జపాను భాషలో శుభోదయం పలికి క్షేమం అడిగాడు. భాషనే ఆయుధంగా భరించినవాడు ఎదుటివాని భాషలో పలకరించడం గమనింపదగినది. చివరకు కంపిస్తున్న నగాసేను లోమాక్సే ఓదార్చవలసివచ్చింది. అయినా లోమాక్స్ ఆ రోజు క్షమిస్తున్నానని చెప్పలేదు. ఇద్దరు కలసి రైలుమార్గపు స్థలాలు చూశారు. తరువాత లోమాక్స్ దంపతులు జపాను వెళ్ళారు. అక్కడ టోక్యోలోని ఒక హోటలు గదిలో, ఏకాంతంగా, లోమాక్స్ ఒక లేఖను నగాసేకు చదివి అందజేశాడు. కాంచనబురిలో జరిగినది మరువలేననీ, అయినా అతనిని పూర్తిగా క్షమిస్తున్నాననీ దాని సారాంశం.

ఈ క్రమంలో కొన్ని అంశాలు ముఖ్యమైనవి. లోమాక్స్ క్షమించినది ఒక వ్యక్తిని. జపాను సైన్యాన్ని గాని, కెంపెయితాయ్‌ను గాని, మరణించిన తన సహచరుల పక్షాన గాని అతను క్షమించలేదు, ఆ అధికారం తనకు ఉన్నదని భావించలేదు. క్షమించడమంటే మరచిపోవడం కాదని అతని లేఖే తెలుపుతుంది. నగాసే తన తప్పును అంగీకరించి, దశాబ్దాలపాటు దానికి ప్రాయశ్చిత్తంగా జీవించి ఉండకపోతే ఈ క్షమకు ఆధారమే ఉండేది కాదు. అన్నింటికంటె ముఖ్యంగా, చిత్రంలో కొన్ని నిమిషాలలో జరిగినట్లు కనిపించేది వాస్తవంలో చికిత్స, చదువు, ఉత్తరాలు, ప్రయాణాలతో సంవత్సరాలు పట్టింది. వారి మైత్రి నగాసే 2011లో మరణించేవరకు కొనసాగింది.

తిరిగివచ్చిన ఖైదీలందరూ ఈ మార్గాన్ని అంగీకరించలేదు. క్షమించలేనివారు కూడా ఎందరో ఉన్నారు. వారిని తక్కువచేసి చూడటం ఈ కథ ఉద్దేశం కాదు. క్షమ బాధితుని సొత్తు, అది ఇవ్వడం అతని ఇష్టమే గాని విధి కాదు.

ఆదరణ, విమర్శ

విమర్శకుల నుండి మిశ్రమ స్పందన వచ్చింది. ఫర్త్, ఇర్విన్, సనాడాల నటనను ఎక్కువమంది మెచ్చుకొన్నారు. కథనం సంప్రదాయబద్ధంగా, నెమ్మదిగా ఉన్నదని కొందరు విమర్శించారు. కథ బ్రిటిష్ ఖైదీల చుట్టూనే తిరగడం వలన, అధిక సంఖ్యలో మరణించిన ఆసియా కూలీల గాథ నేపథ్యంలోనే ఉండిపోయింది. ఇది ఈ చిత్రానికే కాక, ఈ రైలుమార్గంపై వచ్చిన ప్రసిద్ధ చిత్రాలలో చాలావాటికి ఉన్న లోటు.

సంబంధిత చిత్రాలు, రచనలు

ఈ రైలుమార్గాన్ని లోకానికి పరిచయం చేసినది డేవిడ్ లీన్ దర్శకత్వంలో 1957లో వచ్చిన ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్. అది ఫ్రెంచి రచయిత పియెర్ బూల్ 1952లో వెలువరించిన నవల ఆధారంగా శ్రీలంకలో చిత్రీకరించబడిన కల్పిత కథ. లోమాక్స్ గాథపై 1995లో ప్రిజనర్స్ ఇన్ టైమ్ అనే టెలివిజన్ నాటకం వచ్చింది. అందులో జాన్ హర్ట్ లోమాక్స్‌గా నటించాడు. లోమాక్స్, నగాసేల కలయికను చూపే ఎనిమీ, మై ఫ్రెండ్? అనే డాక్యుమెంటరీ కూడా 1995లో వెలువడింది. ఇదే రైలుమార్గంపై ఆస్ట్రేలియా రచయిత రిచర్డ్ ఫ్లానగన్ వ్రాసిన ది న్యారో రోడ్ టు ది డీప్ నార్త్ నవలకు 2014లో బుకర్ పురస్కారం లభించింది.

యుద్ధానంతరం ఈ మార్గంలో అధికభాగం తొలగించబడింది. థాయిలాండ్‌లో నామ్ తోక్ వరకు గల భాగంపై మాత్రం నేటికీ రైళ్ళు నడుస్తున్నాయి. యాత్రికులు కాంచనబురి వంతెనపై నడిచి, హెల్‌ఫైర్ పాస్ అని పిలువబడే కొండకోతను దర్శిస్తారు. ఖైదీల ఉలిదెబ్బల గుర్తులు ఆ రాళ్ళపై ఇప్పటికీ కనిపిస్తాయి.